గోడకు చెవి ఆనించిన మనిషి

మా మేనమామ పోయాడన్న కబురు బడికి వచ్చింది. నేను మూడో తరగతికి ఎక్కం చెప్పిస్తున్నాను. ఆయన అల్లుడు వాకిట్లో చెప్పులు వదిలి, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"మామ పొయినాడన్నా. కావలిలో ఒక పాత ఇల్లు చూస్తా పొయినాడు. గోడకానుకోని కూకున్నాడు. ఎవురూ మాట్లాడబాకండి అన్నాడు. మేం బయట అరుగు మీద గంటసేపు గమ్మున ఉండాం. ఇంకా చూస్తా ఉండాడనుకున్నాం."

ఆ గంటలో ఆయన ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు. ఇల్లు కొనదలచిన ఆసామి మాత్రం, గోడ మంచిదో కాదో చెప్పకుండానే పోయాడే అని రెండుసార్లు అన్నాడట. మామ వింటే నవ్వేవాడు.

మామది బోగోలు. నలభై ఏళ్లు తాపీ పని చేశాడు. సారువ కర్రలు కట్టిన ఎత్తుకు ఎక్కితే కళ్లు తిరగడం మొదలయ్యాక పని మాని, పాత ఇళ్లు కొనేవాళ్లకు ఇల్లు చూసి చెప్పేవాడు. చొక్కా విప్పి గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. కాసేపటికి తల పక్కకు తిప్పి ఎడమ చెవి గోడకు ఆనించేవాడు. ఏం వినపడుతుందని అడిగితే చెప్పేవాడు కాదు. తలకు రోజూ ఆముదం పెట్టేవాడు. మనిషి రాకముందే వాసన వచ్చేది. చూడటం అయ్యాక గోళ్లతో కొంచెం సున్నం గీకి నాలుక మీద వేసుకునేవాడు. "గోడ అబద్ధమాడదు అబ్బయా, సున్నం ఆడతాది," అనేవాడు.

ఆయన నాకు చూసిపెట్టిన ఇంటి సంగతి చెప్పాలి. నేను ఇది రాస్తున్నది ఆ ఇంట్లోనే.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలో నేను నెల్లూరులో అద్దెకు ఉండేవాణ్ణి. మా అమ్మకు ఆయాసం. ఆ ఏడు వానల ముందు మంచం పట్టింది. డాక్టరు నాతో విడిగా, రోజుల్లో చెప్పుకోవాలన్నాడు. ఆ మాట ఇంటి యజమానికి ఎలా చేరిందో చేరింది. ఆయన చెడ్డవాడు కాదు. తల వంచుకునే చెప్పాడు.

"పంతులూ, ఏమనుకోబాక. మా ఇంట్లో అది జరగకూడదు. నక్షత్రం మంచిది కాకపోతే ఆర్నెల్లు తాళం పెట్టాల. వానలు పడేలోగా యాడికన్నా మార్చు."

చిట్టమూరు దగ్గర మా ఊళ్లో ఇల్లు కూలి చాలా కాలమైంది. మామ ఇంటికి తీసుకుపోదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "తమ్ముడి గడపలో చావను. వాడు మళ్లీ పసుపు నీళ్లు చల్లుకోవాల," అంది. అద్దె ఇల్లు ఏది అడిగినా మొదట మంచంలో ఎవరున్నారని అడిగేవాళ్లు. మనిషి చనిపోవడానికి సొంత గోడలు కావాలని నాకు అప్పుడే తెలిసింది.

పాత ఊళ్లో, పెన్న గట్టుకు దగ్గరగా, ఒక పెద్ద లోగిలి ఉంది. అన్నదమ్ములు పంచుకుని ఆరు వాటాలు చేశారు. బావి ఒకటే, మిద్దె ఒకటే, వాననీళ్లు పోయే తూము ఒకటే. అందులో ఒక వాటా అమ్మకానికి ఉంది. తాళం పక్క వాటాలో ఉండే పెద్దావిడ దగ్గర ఉండేది, లోగిలిలో అందరూ ఆమెను పెద్దమ్మ అనేవాళ్లు. అమ్మకానికి ఉన్న వాటా ఆమె మరిదిది. ఆయన మద్రాసులో ఉంటాడు. నేను అడగబోయిన దానికంటే తక్కువకే ఆమె సరేనంది. నాకు ప్రాణం లేచివచ్చింది. మామకు కబురు చేశాను.

మామ వచ్చి మొదట ఇంట్లోకి వెళ్లలేదు. బావి దగ్గర కూర్చున్నాడు. ఆడవాళ్లు నీళ్లు తోడే వేళ అంతా అక్కడే ఉండి, వచ్చినవాళ్లనల్లా అడిగాడు.

"అమ్మా, బాయి పూడిక తీసేదెవురు?"

"అందరం."

"తూము మూసుకుపోతే?"

"అందరమూ."

"అంటే ఎవురూ లేరు," అని నా వైపు చూశాడు. "అబ్బయా, ఈ ఇల్లు కొంటే తూముకు నువ్వే. రాసిపెట్టుకో."

పెద్దమ్మకు కోపం వచ్చింది. "మేస్త్రీ, గోడలు చూడను వచ్చినావా, మా కాపరాలు చూడను వచ్చినావా?"

"రెండూ ఒకటేనమ్మా," అన్నాడు మామ.

తాళం తీశారు. మూడేళ్లుగా ఎవరూ కాపురం లేని గది. గబ్బిలాల వాసన రావాలి. ఆముదం వాసన వచ్చింది. అది మామ తలదే అనుకున్నాను. మామ మాత్రం గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చాడు. వెల్ల కొత్తగా ఉంది. తూర్పు గోడను గీకి నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"సముద్రపు ఇసక. పెన్న పక్కనే పెట్టుకోని సముద్రపు ఇసక ఎందుకు ఏసినారు?"

"కట్టిన ఏడు పెన్న వరద దిగలేదంట. గుల్ల సున్నం పడవల్లోనే ఇసకా వచ్చిందంట," అంది పెద్దమ్మ.

"ఉప్పు ఇసక గాలిలో చెమ్మ తాగతాది. తూరుపు గాలి తిరగనీ. అప్పుడు చూస్తా," అని మామ లేచాడు.

నాకు ఒళ్లు మండింది. గాలి తిరగడమంటే వానలు రావడమే. అప్పటిదాకా అమ్మ ఉండాలి, యజమాని ఊరుకోవాలి. ఇంటికి వచ్చాక అరిచాను. అమ్మ మంచం మీదనుంచే అంది: "వాణ్ణి తొందరపెట్టబాకురా. పెళ్లిచూపులకు పోయి పిల్లను చూడకుండా వాళ్ల ఇంటి దూలం చూసొచ్చినాడు." మామ నవ్వాడు. అమ్మ కూడా నవ్వబోయి దగ్గుతో వంగిపోయింది. మామ ఆమె వీపు మీద చెయ్యి వేసి, గోడను చూసినట్టే, కళ్లు మూసుకుని చాలాసేపు ఉన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. వాన లేదు. వీధిలో ఉప్పు వాసన. ఇద్దరం వెళ్లాం. పెద్దమ్మ తాళం ఇవ్వడానికి తటపటాయించి, చివరికి తానే వచ్చి తీసింది.

తూర్పు గోడ పైనుంచి కిందిదాకా తడిసి నల్లబడింది. ఆ తడి మధ్యలో ఒక మనిషి కూర్చుని ఉంది. అలాగే కనిపించింది. వంగిన భుజాలు, తల, తల వెనక ముడి. అంత మేర మాత్రం తడి లేదు. వెల్ల పెళ్లలు ఊడి, కింద పసుపు జిడ్డు తేలింది.

నేను వెనక్కి అడుగు వేశాను. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా అత్త. తలకీ ఒంటికీ ఆముదం పెట్టుకోని ముప్పై ఏండ్లు ఆడే కూకోనింది. ఇద్దరు కొననొచ్చి పారిపొయినారు. ప్రతి ఏడూ సున్నం కొట్టిస్తానే ఉండాం నాయనా."

"కొట్టే కొద్దీ తేటగా వస్తాది," అన్నాడు మామ. "ఆముదం తాగిన చోట సున్నం నిలవదు, చెమ్మ ఎక్కదు. మీరు కొట్టించే సున్నమే ఆమెను నిలబెడతా ఉండాది."

చొక్కా విప్పి పెద్దమ్మకు దణ్ణం పెట్టాడు. ఆమెకే పెట్టాడో, ఆమె వెనక గోడకు పెట్టాడో నాకు తెలియదు. వెళ్లి ఆ ఆకారంలోనే వీపు ఆనించి కూర్చున్నాడు. ఆయన కూర్చోగానే గోడ మీద ఏమీ లేనట్టయింది. తల పక్కకు తిప్పి చెవి ఆనించాడు. మాట్లాడబాకండి అన్నట్టు వేలు ఎత్తాడు. బయట బావి గిలక చప్పుడు కూడా ఆగింది. నేను నిలుచునే ఉన్నాను. కాళ్లు లాగాయి.

చివరికి కళ్లు తెరిచాడు.

"లోగిలి మొత్తానికీ పొడిగా ఉండే చోటు ఇదొక్కటే అబ్బయా. అక్క మంచం ఈడ ఎయ్యి."

కొన్నాను. రెండోరోజే అమ్మను మంచంతో సహా మోసుకొచ్చాం. వాన అప్పుడే మొదలైంది. చనిపోవడానికి తెచ్చిన మనిషి ఆ గోడకు ఆనుకుని ఏడేళ్లు బతికింది. దీన్ని నేను ఎవరి మహిమ అనీ చెప్పను. పొడిగా ఉన్నచోట ఆయాసం తగ్గింది, అంతే. అయితే అమ్మ ఒక మాట అనేది. "వెనక ఇంకెవురో వీపు ఆనించి కూకున్నట్టు ఉంటాదిరా. వెచ్చగా ఉంటాది." గోడకు అవతల సందు, అది దాటితే బావి; అక్కడ ఎవరూ కూర్చోరు. మామతో చెబితే నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. "ఉంటే ఉండనీ. తొయ్యడం లేదు గదా," అన్నాడు.

ఆయన ప్రతిదీ సరిగ్గా చెప్పాడని కాదు. పదేళ్లు ఢోకా లేదన్న దూలం రెండో ఏడే కుంగింది. ఏమీ అనకుండా వచ్చి, కళ్లు తిరుగుతున్నా పైకెక్కి, తానే దూలం కింద ఊతంగా పోటీ కర్ర పెట్టి వెళ్లాడు. తూము సంగతి మాత్రం ఆయన చెప్పినట్టే అయింది. ఇప్పటికీ నేనే తీస్తాను.

అమ్మ ఆ ఇంట్లోనే పోయింది. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. తాళం పెట్టమన్నవాళ్లు లేరు. ఆ తర్వాత మామ పక్షానికోసారి వచ్చేవాడు. కాఫీ తాగి, ఆ గోడ దగ్గరే కూర్చునేవాడు. అమ్మ చోట్లో కూర్చునేవాడు కాదు. మూరెడు ఇవతల కూర్చుని చెవి ఆనించేవాడు. ఏం చూస్తున్నావు మామా, కొనేశాం కదా అంటే, "చూసేది కొనేదానికేనా?" అనేవాడు. మధ్యాహ్నం అంతా అలాగే ఉండి, బస్సు వేళకు లేచేవాడు.

దినాలు అయ్యాక బోగోలు నుంచి వచ్చాను. నా భార్య వెల్లకని కుండలో సున్నం నానబెట్టింది. వారం తిరక్కుండానే గాలి తూర్పుకు మళ్లింది. మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి ఆమె సున్నపు కుంచె చేత్తో పట్టుకుని గోడ ముందు నిలబడి ఉంది.

గోడ తడిసింది. పాత ఆకారం ఉన్నచోటే ఉంది, కొంచెం వెడల్పయింది. దానికి మూరెడు ఇవతల ఇంకో పొడి చోటు. భుజాలు ఇంకా సరిగా ఏర్పడలేదు. తల మాత్రం తేటగా ఉంది. పక్కకు వాలి ఉంది.

పెద్దమ్మ బియ్యం చాటతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. గొంతు తగ్గించి అడిగింది.

"మీ మామ ఇంకా చూస్తానే ఉండాడా?"

నా భార్య కుంచెను తిరిగి కుండలో పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. సాయంత్రం దాకా ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడలేదు. తడి ఆ తల చుట్టూ పైకి ఎక్కుతూ పోయింది. గోడకు ఆనిన చెవి మాత్రం పొడిగానే ఉంది.