గుడ్లగూబ దూరిన ఇల్లు

పొద్దున్నే టీ పెట్టుకుంటుంటే, దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఫ్లాట్‌లో కిరాయికుంటున్న అమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, మన హాల్లోకి గుడ్లగూబ వచ్చిందండీ! ఎంత ముద్దుగా ఉందో!" అంటూ ఫోటో కూడా పంపింది. కోస్తా నుంచి కోచింగ్ కోసం వచ్చిన పిల్ల. బాల్కనీకి పావురాల వల కట్టించమని ఆర్నెల్లు నా ప్రాణం తీసింది. తీరా కట్టిస్తే గాలి ఆడట్లేదని ఒక మూల ఊడదీసింది. ఆ సందులోంచే దూరింది. ముద్దుగా ఉందట! నాలుగు తిడదామని నోరు తెరిస్తే, వచ్చిన మాటేమిటి? "ఇల్లు పాడుపెట్టాలేమో" అని! "అంటే ఏంటి ఆంటీ?" అంది. తర్వాత చెబుతానని పెట్టేశాను. నామీద నాకే చిరాకేసింది.

ఆ మాట మొదట నా నెత్తిన పడింది మీర్‌పేట్‌లో. ఇరవై ఏళ్ల కింద అక్కడ ఒక ఇంటి వెనక పోర్షన్‌లో కిరాయికుండేవాళ్లం, ముందు పోర్షన్‌లో ఓనరమ్మ. పొలాలు ప్లాట్లు చేసి అమ్ముకున్న పాతకాపులు. మనిషి మంచిదే గానీ, నీళ్ల మోటారు నుంచి చెప్పుల స్టాండు దాకా అన్నింటికీ ఆవిడ దగ్గర ఒక రూలుండేది. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలకు ఇంకో పదకొండు రోజులుందనగా ఒక మధ్యాహ్నం, కాకులు తరుముకొస్తే ఒక గుడ్లగూబ వెంటిలేటర్‌లోంచి వంటింట్లోకి దూరి చింతపండు డబ్బా మీద కూర్చుంది. పాపం, నాకంటే దానికే ఎక్కువ భయంగా ఉంది. తలుపు తీసి చీపురు ఆడిస్తే ఎగిరిపోయింది. అంతటితో అయిపోవాలి కదా!

కాకుల గోలకు ఓనరమ్మ రానే వచ్చింది. గుడ్లగూబ దూరిన ఇంటికి తాళం వేసి కొన్నాళ్లు వదిలేయాలంటారు, దాన్నే పాడుపెట్టడం అంటారు. "మూడు నెల్లు పాడువెట్టాలె. ఎల్లుండి వరకు సామాన్ తీస్కపోండ్రి" అంది. పరీక్షల ముందు పిల్లని ఎక్కడికి తీసుకుపోను, దాని చదువేం కాను అని కాళ్లావేళ్లా పడ్డాను. "నేనేం జేస్త? శాస్త్రం" అంది. ఒళ్లు మండిపోయింది. ఆ వంటింటి కప్పు ఏడాదిగా కారుతుంటే ఆవిడకు ఏ శాస్త్రమూ గుర్తుకు రాలేదు.

అప్పుడు మాతోనే ఉండే మా అత్తమ్మది నల్గొండ పల్లె. గుడ్లగూబ పేరు కూడా పలకదు, 'ఆ పిట్ట' అంటుంది. ఆవిడా ఓనరమ్మకే వంత పాడుతుందనుకున్నాను. పాడింది కూడా. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలెత్తకుండా అంది: "నిజమే బిడ్డా, పాడువెట్టాల్సిందే. గని కప్పు ఒక్కటే గద! పోర్షన్లు మనం జేస్కున్నయి, ఆ పిట్టకేం ఎరుక? పెడ్తే ఇల్లు మొత్తం పెట్టాలె. మరి మీరెప్పుడు ఖాళీ జేస్తున్రు?"

ఓనరమ్మ గిరుక్కున తిరిగి తన పోర్షన్‌లోకి వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా పూజారిని పిలిపించి శాంతి చేయించింది. మూడు నెలల పాడు మూడు గంటల్లో తీరిపోయింది. వారం రోజులు ఆ మాటే చెప్పుకుని నవ్వాను.

ఒక్కదానికే విసుగొచ్చేది. ఆ రోజు నుంచి అత్తమ్మ పడక వంటింట్లోకి మారింది, సరిగ్గా ఆ వెంటిలేటర్ కింద. పొద్దున పొయ్యి వెలిగించాలంటే ఆవిడను దాటుకుని వెళ్లాలి. "హాల్లో ఫ్యాను పెట్టుకొని ఈడేంది అత్తమ్మా?" అని రోజూ సణిగేదాన్ని. "ఈడ సల్లగుంటది" అనేది. ఎండాకాలంలో, పొయ్యి పక్కన, చల్లగా! ముసలితనపు మొండితనం అనుకుని తిట్టుకున్నాను.

చివరి పరీక్ష రాసి పిల్ల ఇంటికొచ్చిన రోజు ఆవిడే చాప చుట్టి హాల్లోకి తెచ్చుకుంది. ఇప్పుడేమైందని అడిగాను. "ఆ కీడేదో ఒస్తే ముందుగాల నాకు తగలాలని పండిన. పోరి పరీక్షలైనయి, ఇగ నాకేం పరేషాన్ లేదు" అంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇందాక ఆ అమ్మాయికి మళ్లీ ఫోన్ చేసి, కిటికీలు బార్లా తీసి పక్క గదిలోకి వెళ్లమన్నాను. కాసేపటికి ఎగిరిపోయిందట. వచ్చే వారమే తనకూ పరీక్ష. "పాడుపెట్టడమంటే ఏంటో చెప్పలేదు?" అంది. ఏం లేదులే, వల బాగుచేయించడానికి వస్తున్నా, రెండు రోజులు నీ దగ్గరే ఉంటానన్నాను. చాప చుట్టుకున్నాను. ఇన్నేళ్లకు అత్తమ్మ వయసు నాకొచ్చింది, వస్తూ వస్తూ ఆవిడ భయాన్ని కూడా వెంట తెచ్చింది.