సినిమాలో లేని కుక్కపిల్ల

డిగ్రీ పూర్తయి ఇంట్లో ఉన్న రోజులవి. మా అక్క కూతురు, ఏడేళ్ల పింకీని మొదటిసారి నారాయణఖేడ్‌లో సినిమాకు తీసుకెళ్లాను. పాత వీడియోగేముల్లాంటి లోకంలో నడిచే యానిమేషన్ సినిమా. కొత్తవాళ్ల ఎదుట నోరు విప్పని నాకు ఆ జనం మధ్య కూర్చోవడమే కంగారుగా ఉంది.

ఆటలో ఇచ్చిన మూడు ప్రాణాల్లో ఒక్కటే మిగిలిన బుల్లి హీరో నిప్పుల గుంతలోకి జారుతుండగా కరెంటు పోయింది. పిల్లలు ఏడుపందుకున్నారు. "ఇగ నడువుండ్రి బయటికి!" అని ఎవరో అరిచారు. చీకట్లో తోపులాట మొదలైంది. ఎక్కడ తొక్కేస్తారోనని పింకీని ఒళ్లోకి లాక్కున్నాను.

"చిన్నమ్మా, వాడు సచ్చిండా?" అంది పింకీ, వెక్కుతూ.

"లేదు బిడ్డా. వాని కుక్కపిల్ల ఇంకో ప్రాణం నోట్ల పట్టుకొని ఉరికొస్తున్నది."

"జోర్‌గ చెప్పక్కా, ఇనబడ్తలేదు!" వెనక నుంచి ఒక పిల్లాడి గొంతు.

ముఖం కనబడదన్న ధైర్యంతో గొంతు పెంచి, తోచిందల్లా కల్పించి చెప్పాను. ఏడుపులు ఆగాయి. లేచినవాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు.

ఉన్నట్టుండి లైట్లు వెలిగాయి. అందరూ నావైపే చూస్తున్నారు! చున్నీలో ముఖం దాచుకున్నాను. సినిమా మళ్లీ మొదలైంది. అందులో కుక్కపిల్లే లేదు.

"ఏ, గిదేంది, కుక్కేది? అక్క చెప్పిందే మంచిగుండె!" అన్నాడు వెనక పిల్లాడు. హాలంతా నవ్వులు.

నలుగురిలో మాట్లాడాలంటే ఇప్పటికీ నాకు భయమే. అప్పుడొక్క క్షణం కళ్లు మూసుకుని, ఆ చీకటిని తలచుకుని, మొదటి మాట అనేస్తాను.