గోడ మీద నూనె మరక

మా హాల్లో కిటికీ పక్క గోడకు, నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో, అన్నం పళ్ళెమంత నూనె మరక ఒకటి ఉండేది. అది పెద్దమ్మ తల ఆనిన చోటు.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. పొద్దున్నే ఆటోలో సముద్రం ఒడ్డుకు పోయి చేపలు తెచ్చి, మా కొడవలూరు వీధుల్లో తట్ట నెత్తిన పెట్టుకొని అమ్ముకునే మనిషి. ఊరంతా ఆమెను పెద్దమ్మ అంటుంది కాబట్టి నేనూ అంటాను. ఆమె ఇంటాయన శనివారం గుడికి వెళ్తాడు. ఆమె శుక్రవారం మా ఇంటికి ఉపవాస ప్రార్థనకు వస్తుంది. ఈ విషయం మీద వాళ్ళిద్దరూ ఎన్నడూ మాటా మాటా అనుకోలేదు, పోట్లాడుకోవడానికి వాళ్ళకు వేరే సంగతులు బోలెడున్నాయి. పదకొండేళ్ళు ప్రతి శుక్రవారం పెద్దమ్మ ఆ గోడకే ఆనుకొని, కాళ్ళు చాపుకొని కూర్చుంది. ఆమె తలకు పెట్టుకున్న కొబ్బరినూనెను మా గోడ కొంచెం కొంచెంగా తాగింది.

శుక్రవారం పదకొండు గంటలకు మా హాల్లో ఇరవై, ఇరవై అయిదు మంది ఆడవాళ్ళు చేరేవాళ్ళు. నాట్లేసేవాళ్ళు, మిషన్ కుట్టే ఆమె, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె, ప్రార్థన నడిపించడానికి పాస్టరమ్మ. కడప బండల నేల, దాని మీద నాలుగు చాపలు, అంతే. నేను ఊరి హైస్కూల్లో తెలుగు చెప్పినన్నాళ్ళు ఇంటి తాళం పాస్టరమ్మ దగ్గరే ఉండేది. భోజనం బెల్లు కొట్టగానే పరుగెత్తుకొచ్చి ఆఖరి ప్రార్థనకు మోకరించేదాన్ని. రిటైరయ్యాక ఆ ఒక్క రోజు కోసం వారమంతా ఎదురుచూడడం మొదలైంది. బడి వదిలాక నన్ను వెతుక్కుంటూ మా గడప తొక్కేవాళ్ళు వాళ్ళు తప్ప ఎవరూ లేరు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా చేశాను, అదే చెప్పబోతున్నాను.

రోగం నాకు నెల్లూరులో అంటుకుంది. నాతో పనిచేసిన ఒక టీచరమ్మ అపార్ట్‌మెంట్ కొని, లోపలంతా డిజైనర్‌తో చేయించి, భోజనానికి పిలిచింది. ఏం ఇల్లు అది! తలుపు తీస్తే లాడ్జి రిసెప్షన్‌లా ఉంది. గోడలో లైట్లు, పైకప్పులో లైట్లు, ఆఖరికి మంచం కింద కూడా లైట్లు. మంచం కింద రోజూ ఏం వెతుక్కుంటారో నాకు అర్థం కాలేదు. ఫ్రిజ్‌ను చెక్క తలుపుల వెనక దాచారు. మంచినీళ్ళ కోసం ఆ ఇంటి ఇల్లాలే మూడు తలుపులు తీసి చూసుకుంది. సోఫా నిండా దిండ్లు పేర్చి ఉంటే, వాటిని కదపడానికి భయపడి వచ్చినవాళ్ళంతా అంచున కూర్చున్నారు. నేను లోలోపల నవ్వుకుంటూనే ఆ ఇల్లంతా తిరిగి చూశాను.

బస్సు దిగి ఇంటికి వచ్చి, మా నల్లటి బండల మీద నిలబడి ఆ నూనె మరక చూసేసరికి మాత్రం నవ్వు రాలేదు. ఆ టీచరమ్మ రేపు మా ఇంటికి వస్తే ఏమనుకుంటుంది అనిపించింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు మంచీ చెడూ చెప్పిన దాన్ని, అంత చవకబారు ఆలోచన నాకెక్కడి నుంచి వచ్చిందో తెలియదు. వచ్చింది, వచ్చి కూర్చుంది.

వారం తిరక్కుండా, నేను పిలిపిస్తే, ఆ ఇల్లు చేసిన డిజైనర్ అమ్మాయే మా ఇంటికి వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో. చేతిలో ట్యాబు, చంకలో రంగు ముక్కల అట్టలు. హాలు నడిమధ్య నిలబడి కళ్ళు మూసుకుంది. మా ఆయన పొలం మనిషి, ఆ పిల్లకు కళ్ళు తిరుగుతున్నాయేమోనని గబగబా కుర్చీ తెచ్చి వేశాడు.

“స్పేస్‌ని ఫీలవుతుండాను సార్,” అంది.

“అవ్వు తల్లీ. ముందు కాస్త మజ్జిగ తాగి ఫీలవ్వు,” అన్నాడాయన.

మజ్జిగ తాగి ఆ అమ్మాయి మాకొక ఉపన్యాసం ఇచ్చింది. ఒకరి ఇల్లు ఇంకొకరి ఇల్లులా ఉండకూడదట. గోడలు మన మనసులోంచి రావాలట. మా గోడలు మేస్త్రీ చేతిలోంచి వచ్చాయని చెబుదామనుకుని ఊరుకున్నాను. “మేం డిజైన్ చేసేది ఇంటిని కాదు మేడం, మిమ్మల్నే,” అంది. అరవై దాటాక నన్ను కొత్తగా చేసేదేముంటుంది? అడిగేలోపే పన్నెండు పేజీల ఫారం నా చేతిలో పెట్టింది. అట్ట మీద ‘మీ ఇల్లు మీలాగే ఉండాలి’ అని అచ్చు వేసి ఉంది.

“ఇందులో మాత్రం మొహమాటపడి రాయబాకండి మేడం. మీరేం రాస్తే ఇల్లు అట్టనే వస్తాది,” అంది.

ఏం ప్రశ్నలవి! పొద్దున లేవగానే మొట్టమొదట ఏం చూడాలనుకుంటారు? మీ గురించి మూడు మాటల్లో చెప్పండి. మీరు పర్వతమా, నదా, సముద్రమా? ఎనిమిదో తరగతి పిల్లవాడు వ్యాసంలో ఇలాంటివి రాస్తే ఎర్రసిరాతో కొట్టేసి పక్కన సున్నా చుట్టేదాన్ని. మీకు నచ్చిన రంగు ఏది అని ఆ పిల్ల మా ఆయన్ని నోటితోనే అడిగింది.

“కోతకొచ్చిన మడి ఉంటాది చూడు, ఆ రంగు. దాన్ని మించిన రంగు నేను చూళ్ళేదు,” అన్నాడు.

“మస్టర్డ్,” అని రాసుకుంది.

“అంటే?”

“ఆవాలు సార్.”

“నేను చెప్పింది వడ్లు గదమ్మా,” అన్నాడు మా ఆయన బాధగా.

నేను మాత్రం బల్ల ముందు కూర్చొని, పరీక్ష రాస్తున్నట్టు ఒద్దికగా రాశాను. సముద్రం అన్న చోట టిక్కు పెట్టాను. తీరిక వేళల్లో ఏం చేస్తారు అంటే ‘గ్రంథ పఠనం’ అన్నాను. నా గ్రంథ పఠనం ఏమిటంటే, వంటింటి గడప మీద కూర్చొని చిక్కుడుకాయలు తుంచుకుంటూ నిన్నటి పేపరు చదవడం. తొమ్మిదో పేజీలో ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. నా పరువు నేనే తీసుకోవడానికి అంత తొందరేం లేదు.

ఫారం అయ్యాక ఆ పిల్ల గోడలు కొలవడం మొదలుపెట్టింది. నూనె మరక దగ్గర ఆగి, వేలితో రాసి చూసింది.

“ఇదేంది మేడం, సీపేజా? వాన నీళ్ళు దిగుతుండాయా?”

మా ఆయన నోరు తెరిచాడు. నేను అంతకంటే ముందే, “అవునమ్మా, దిగుతుండాయి,” అన్నాను. ఆయన నా ముఖం చూసి నోరు మూసుకున్నాడు. తర్వాత ఇద్దరు పనివాళ్ళు వచ్చి ఆ గోడను గీకి, ఏవో మందులు పూసి, మూడు రోజులు ఆరబెట్టారు. తలనూనెకు వాటర్‌ప్రూఫింగ్ చేయించిన ఇల్లు ఈ జిల్లాలో మాదొక్కటే అయి ఉంటుంది.

పని రెండు నెలలు పట్టింది. అన్నాళ్ళూ ప్రార్థన పాస్టరమ్మ ఇంటి వరండాలో జరిగింది. ఇల్లు ఎప్పుడు చూపిస్తావని అందరూ అడుగుతుంటే నా తల కాస్త పైకి లేచేది.

చివరికి అయింది. కడప బండలు పోయి తెల్లటి టైల్స్ వచ్చాయి. వాటి మీద మా ఆయన గట్టు మీద వర్షంలో నడిచినట్టు వేళ్ళు బిగించి నడిచేవాడు. రెండు గోడల పొడుగునా మస్టర్డ్ రంగు సోఫా. హాలు మధ్యలో రాతి దిమ్మె మీద అద్దం బల్ల, నలుగురు మోసుకొచ్చి దించారు, ఇక అది కదిలే రకం కాదు. హాలుకూ వంటింటికీ మధ్య చెక్క పట్టీల పార్టిషన్, అందులోంచి చూస్తే నేను జైల్లో వంట చేస్తున్నట్టు కనపడతాను. గ్రంథ పఠనానికి మూలన గుండ్రటి కుర్చీ, దాని మీదికి వంగిన దీపం. అందులో కూర్చున్న మనిషి లేవాలంటే ఇంకొకరు చెయ్యి ఇవ్వాలి. ఇక మరక ఉన్న గోడ! నేను సముద్రానికి టిక్కు పెట్టిన పాపానికి దానికి ‘కోస్టల్ టచ్’ ఇచ్చారు. నీలం రంగు వేసి, దాని మీద ఒక వల ముక్క, రెండు బుల్లి తెడ్లు బిగించి, కింద గాజు బుడ్డిలో గవ్వలు పెట్టారు.

మొదటి శుక్రవారం అందరూ వచ్చారు. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి తొంగి చూసి, “అబ్బో” అన్నారు. ఆ అబ్బో వినడానికే పుట్టినట్టు నేను నవ్వుతూ నిలబడ్డాను. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. ఎనిమిది మంది సోఫా అంచున, పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు. చాపలు తెస్తే పరిచే చోటు లేదు. ఒక చాప సగం పార్టిషన్ అవతలికి పోయింది, రెండోది మడత విప్పనే లేదు. మిషన్ కుట్టే ఆమె గ్యాస్ పొయ్యి పక్కన నిలబడి పాట అందుకుంది. మోకరించే వేళ పాస్టరమ్మ నుదురు అద్దం బల్లకు టంగుమని తగిలింది. తెలియక గుండ్రటి కుర్చీలో కూర్చున్న ఆమెను ఇద్దరు పట్టి లేపారు. నవ్వొచ్చే సంగతులే అన్నీ. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

పెద్దమ్మ ఎప్పటిలాగే తట్ట మెట్ల దగ్గర దించి, కొళాయి కింద కాళ్ళూ చేతులూ కడుక్కొని వచ్చింది. నేరుగా తన గోడ వైపు నడిచి, ఆగిపోయింది. వల ముక్క కొసను రెండు వేళ్ళతో పట్టి చూసింది.

“ఈ కంతల్లో ఏం చేప నిలుస్తాదమ్మా?”

“అది అందానికిలే పెద్దమ్మా. నువ్వు సోఫాలో కూర్చో.”

“నా కోకంతా నీసు. ఈ మెత్తకు అంటితే మళ్ళా పోదు. నేను ఈడ నిలబడతాలే.”

గడప పక్కన నిలబడింది. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్ళు ముట్టని మనిషి, ఊరంతా తట్ట మోసిన మనిషి, రెండు గంటలు అక్కడే నిలబడింది. కూర్చో అని రెండోసారి అన్నాను. మూడోసారి అనలేదు. ఎందుకంటే ఆ సోఫాకు నీసు అంటుతుందన్న భయం నాకూ ఉంది. ఆ భయం నా ముఖంలో ఆమెకు కనపడే ఉంటుంది.

చివరి ప్రార్థన అయ్యాక పెద్దమ్మే మాట ఎత్తింది.

“వచ్చే వారం నించి మా ఇంట్లో కూర్చుందాం. ఒకటే గది, అయితేనేం, ఖాళీగా ఉండాది. పాపం ఇంత బాగా చేయించుకుండాది, మనం తొక్కి పాడు చేసేదెందుకు?” నా చెయ్యి పట్టుకుంది. “నువ్వు మనసులో ఏం పెట్టుకోబాక.”

అందరూ సరేనన్నారు. ఒక్కరైనా ‘వద్దులే, ఇక్కడే సర్దుకుందాం’ అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు.

వాళ్ళు వెళ్ళాక నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ డిజైనర్ పిల్ల మీద మండింది. పన్నెండు పేజీలు రాయించుకుంది, నదా పర్వతమా అని అడిగింది, ఈ ఇంటికి ఎవరొస్తారు, ఎక్కడ కూర్చుంటారు అన్న ఒక్క ముక్క అడగడం చేతకాలేదా? ఫోన్ చేసి దులిపేద్దామని ఫారం కాపీ వెతికి తీశాను. సోఫాలో పడుకుని ఉన్న మా ఆయనకు వినపడేలా తిడుతూనే పేజీలు తిప్పాను.

“అడిగింది గదా,” అన్నాడాయన కళ్ళు తెరవకుండా.

తొమ్మిదో పేజీ. ‘మీ ఇంటికి ఎప్పుడైనా ఎక్కువమంది వస్తారా? వస్తే ఎక్కడ కూర్చుంటారు?’ దాని కింద నా గుండ్రటి చేతిరాత: ‘అరుదుగా. నలుగురైదుగురు. కుర్చీలలో.’ ఆ కింద ఇంకొకటి: ‘మీ ఇంట్లో నేల మీద కూర్చునే అలవాటు ఉందా?’ లేదు అన్న గడిలో టిక్కు. కాగితం గుంట పడేలా నొక్కి పెట్టాను.

రాసేటప్పుడు నాకంతా గుర్తుంది, మరిచిపోయి రాసింది కాదు. ఇరవై అయిదు మంది, నాలుగు చాపలు, మెట్ల దగ్గర చేపల తట్ట అని రాస్తే ఆ ట్యాబు పిల్ల నన్ను ఎలాంటిదనుకుంటుందోనని సిగ్గుపడ్డాను. కూతురి వయసున్న పిల్ల ముందు, పని అయిపోయాక మళ్ళీ కనపడని పిల్ల ముందు, నా వాళ్ళను లేరని రాశాను. పెద్దమ్మను వాన నీళ్ళు చేశాను. ఆ పిల్లను ఇంక ఏమని తిట్టను? మా ఆయన కోతకొచ్చిన మడి రంగని ఉన్నమాట చెప్పాడు, ఆవాలో వడ్లో, ఆ రంగు ఆయనకు దొరికింది, దాని మీద రోజూ హాయిగా కునుకు తీస్తున్నాడు. నేను రాసింది కూడా నాకు దొరికింది. నలుగురైదుగురికి సరిపోయే హాలు. ఆ నలుగురైదుగురు కూడా రారు.

ఇప్పుడు శుక్రవారం పెద్దమ్మ ఇంట్లో. సిమెంటు నేల, సున్నపు గోడ. ఆమె తన గోడకు ఆనుకుంటుంది, అక్కడ అప్పుడే మరక మొదలైంది. ఆఖరున వచ్చేదాన్ని కాబట్టి నాకు గడప దగ్గర చోటు.

మొన్న శుక్రవారం చాప చంకన పెట్టుకొని బయల్దేరుతుంటే ఆ డిజైనర్ అమ్మాయి ఫోన్ చేసింది. ఆరు నెలలయింది కదా, ఫీడ్‌బ్యాక్ కావాలట.

“ఒకటే క్వశ్చన్ మేడం. మీ ఇల్లు మీలాగే ఉండాదా?”

హాలు వైపు చూశాను. దిండ్లు వరసగా ఉన్నాయి. అద్దం బల్ల మీద ఒక్క వేలిముద్ర లేదు.

“ఉండాదమ్మా,” అన్నాను. “అచ్చం నాలాగే ఉండాది.”

ఆ పిల్ల ఎంత సంతోషపడిందో! ఆ మాట వాళ్ళ కంపెనీ వెబ్ పేజీలో వేసుకుంటానంది. వేసుకోమని చెప్పి, తలుపుకు తాళం వేశాను.