ఇథెల్ గెథిన్ గీసిన ముఖాలు

ఇథెల్ గెథిన్ బండ్లు చేసే ఇంట్లో పుట్టాడు. తండ్రి చక్రాలు బిగిస్తే కొడుకు వాటికి ఎర్రరంగు పూసేవాడు. కొన్నాళ్ళకు సారాకొట్ల పలకల మీద తెల్ల సింహాలు వేశాడు, సంతలో పందెం గెలిచిన ఎద్దుల బొమ్మలు వేశాడు. ఆ తర్వాత మనుషుల బొమ్మల మీద పడ్డాడు. గురువంటూ ఎవరూ లేరు. ఊరూరా తిరిగి, ప్రార్థనా మందిరాల్లో బోధకుల బొమ్మలు వేసి పొట్ట పోసుకునేవాడు.

అతను తైవి నది ఒడ్డున ఉన్న నంత్‌వెన్‌కు వచ్చిన వేసవి అసలు మంచిది కాదు. పొలానికి సున్నం తోలుకోవాలన్నా ప్రతి మలుపులో ఒక సుంకం గేటు అడ్డం వచ్చేది. రాత్రిళ్ళు మగవాళ్ళు ఆడవాళ్ళ గౌన్లు తొడుక్కుని, మొహాలకు మసి పూసుకుని, రెబెకా అనే లేని నాయకురాలి పేరు చెప్పి ఆ గేట్లను గొడ్డళ్ళతో నరికేసేవాళ్ళు. తెల్లారాక సర్కారు రౌతులు వచ్చి ఎవరు, ఎవరు అని అడిగేవాళ్ళు. ఊళ్ళో ఏ ఒక్కరికీ ఏమీ తెలిసేది కాదు.

అలాంటి రోజుల్లో ముఖాలు గీసే మనిషి ఊళ్ళోకి వస్తే ఎవరు ఊరుకుంటారు?

బోధకుడు ఒబదయా బ్రీస్ తన బొమ్మ వేయించుకోవడానికి అతన్ని పిలిపించాడు. బస మాత్రం థామర్ ప్రొథెరో ఇంట్లో కుదిరింది. థామర్ విధవరాలు, మగ్గం నేసేది. తమ్ముడు హొసేయా ఆమె దగ్గరే ఉండేవాడు. గేట్లు విరిగిన మర్నాడు తమ్ముడి గోళ్ళలో మసి కనిపించినా ఆమె చూడనట్టే ఉండేది.

"ఊరికే రారు మహానుభావులు," అంది పక్కింటావిడ మాలి, మొదటి రోజే గోడ మీదుగా. "అయ్యగారి ఒక్క మొహం కోసం అంత కట్ట కాగితాలెందుకే?"

"నాకేం తెలుసు? తిండి పెట్టమన్నారు, పెడుతున్నాను."

"పెట్టు, పెట్టు. నీ గంజి తాగి నీ మెడకే ఉరి పేనతాడు."

థామర్ నవ్వేసింది గానీ ఆ మాట ముల్లులా దిగబడింది. ఆ రోజు నుంచి ఆమె కళ్ళు ఇథెల్‌ను వదల్లేదు. పులుసు తాగుతూ కూడా అతను ఎదుటివాళ్ళ మొహంలోకే చూసేవాడు. మాట్లాడుతున్నది ఎవరని కాదు, దవడ ఎలా కదులుతోందని.

"ఏమయ్యా, అంతలా చూస్తావేం?" అని ఒకసారి అడిగేసింది.

"అలవాటమ్మా. ఎద్దుల్ని గీసినప్పుడు అవి అడిగేవి కావు."

హొసేయా పగలబడి నవ్వాడు. తమ్ముడు ఆ మనిషితో అంత చనువుగా ఉండటం చూసి థామర్‌కు ఇంకా భయమేసింది.

ఒక మధ్యాహ్నం ఇథెల్ బోధకుడి ఇంటికి వెళ్ళగానే ఆమె అతని తోలుసంచీ విప్పింది. లోపల ఊరంతా ఉంది. కమ్మరి, గొర్రెల కాపరి, మందిరం పెద్దలు, గోడ మీద మోచెయ్యి ఆన్చిన మాలి, అందరూ బొగ్గుతో గీసిన ముఖాలై ఉన్నారు. అడుగున హొసేయా కనిపించాడు. నవ్వబోయి ఆగిన మొహం. ఆ కాగితం పట్టుకుని ఏ రౌతు వచ్చినా దారిలోనే వాణ్ణి పోల్చుకోగలడు. థామర్ రెండోసారి చూడలేదు. పొయ్యిలో పెట్టి, కాలి బూడిదయ్యేదాకా కదలకుండా నిలబడింది. మిగతావి ఎలా ఉన్నవి అలాగే సర్దేసి, వెళ్ళి మాలితో చెప్పింది.

మాలితో చెబితే ఊరంతటికీ చెప్పినట్టే. సాయంత్రానికి మగవాళ్ళు వచ్చారు. ఇథెల్ సంచీ, రంగుల డబ్బా, కుంచెలు అన్నీ తైవిలోకి విసిరేశారు.

"నేను వేగువాణ్ణి కాదయ్యా, కడుపుకోసం బొమ్మలు గీసుకునేవాణ్ణి," అన్నాడతను.

"అయితే చేపల్ని గీసుకో పో," అన్నాడు కమ్మరి.

బోధకుడు బ్రీస్ గుమ్మంలోంచి చూశాడే తప్ప ఒక్క మాట అనలేదు. అతని బొమ్మ అప్పటికే పూర్తయింది మరి.

ఆ వారం తిరక్కుండానే రౌతులు వచ్చి తిన్నగా థామర్ ఇంటికి నడిచారు. హొసేయాను చేతులు కట్టి తీసుకుపోయారు. న్యాయస్థానం అతన్ని సముద్రాల అవతల ఖైదీల దీవికి పంపింది. కడుపు మండి ఇథెలే చెప్పాడంది ఊరు. కాదు, మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాడన్నారు కొందరు. థామర్‌కు ఒక రోజు అదే నిజమనిపించేది. మరో రోజు అనుమానం కమ్మరి మీదికి పోయేది, ఇంకో రోజు మాలి మీదికి. మందిరంలో బ్రీస్ గొంతెత్తి ప్రార్థన చేస్తున్నప్పుడు ఇతనెందుకు కాకూడదు అనుకునేది. పాట పాడుతూ పక్కవాళ్ళను ఓరకంట చూసేది. వాళ్ళూ ఆమెను అలాగే చూసేవాళ్ళు. తమ్ముణ్ణి కాపాడుకోలేని మనిషి ఇంకేం దాస్తోందోనని.

హొసేయా దగ్గర్నుంచి కబురు రాలేదు. ఏళ్ళు గడిచాయి. ఇథెల్‌కు మాత్రం పట్టణాల్లో పేరొచ్చింది. అతని చేత బొమ్మ వేయించుకోని బోధకుడు బోధకుడే కాదనేంత పేరు.

ఒక శరత్కాలం ఉన్ని సంతలో థామర్‌కు అతను ఎదురుపడ్డాడు. జుట్టు నెరిసింది. చూపు మాత్రం అదే.

"గుర్తున్నానా?"

"మొహాలు మరిచిపోతే నేనెట్లా బతుకుతానమ్మా?"

"అయితే మా హొసేయాను గీస్తావా? వాడిది నా దగ్గర ఏదీ లేదు."

"ఆ రోజు నేను తిరిగొచ్చేసరికి ఇంట్లో కాగితం కాలిన వాసన వేసింది," అన్నాడు. "అప్పుడే అడుగుదామనుకున్నా. మీవాళ్ళు అడగనిచ్చారు కాదు."

థామర్ తల దించుకోలేదు. "నువ్వు చెప్పావా రౌతులకి?"

"చెప్పలేదంటే నమ్ముతావా?"

అతను ఉన్ని మూట మీద కూచుని బొగ్గు తీశాడు. తలెత్తి ఆమె నుదురు చూశాడు, గడ్డం చూశాడు, గీశాడు. తన మొహంలోంచే తమ్ముణ్ణి లాగుతున్నాడా, లేక నిజంగా గుర్తుండే గీస్తున్నాడా అని ఆమె అతని చేతినే చూస్తూ నిలబడింది. గీసినందుకు అతను ఏమీ తీసుకోలేదు.

ఇంటికొచ్చి చూసుకుంది. మనిషి హొసేయాలాగే ఉన్నాడు. చిన్నప్పుడు కొడవలి తగిలిన మచ్చ కుడి కనుబొమ మీద ఉంది. కుడివైపేనా అది? ఎంత ఆలోచించినా థామర్‌కు తేలలేదు. మాలిని అడిగితే ఎడమ అంది. కమ్మరిని అడిగితే, "వాడికి మచ్చెక్కడిదీ?" అన్నాడు.

బొమ్మను మగ్గం పక్కన తగిలించుకుంది. కొన్ని రోజులు దానితో మాట్లాడుతూ నేసేది. కొన్ని రోజులు ఎవరో పరాయి మగాడు తనను చూస్తున్నట్టుండి, దాన్ని గోడవైపు తిప్పేసి పనిలో కూచునేది.