అత్త కుడి బుగ్గ మీది మచ్చ

మా మేనత్త పోయిందని ఉత్తరం అందేసరికి దినాలు కూడా అయిపోయాయి. మిర్యాలగూడ నుంచి ఆమె కూతురు, మా వదిన, రాయించింది: "నీకు పరీక్షలున్నయని, పాణం మీదికొచ్చినా కబురు చెయ్యనియ్యలే. పిల్లగాన్ని పరేషాన్ చెయ్యకుండ్రి అన్నది."

అమ్మ పోయాక నన్ను పెంచింది అత్తే. అనంతగిరిలో గొర్రెలు మేపుకునేది. రజాకార్ల రోజుల్లో సగం మంద పోయినా, హైదరాబాదులో నా చదువు ఆగనివ్వలేదు. బొమ్మలకు కూడా చదువుంటుందా అని ఊళ్ళో నవ్వితే, "ఉంటది. మావోడు సదువుతలేడా?" అనేది.

సెలవులకు వచ్చినప్పుడు నేను నేర్చుకుంటున్న రాతి అచ్చు గురించి చెప్పాను. నున్నటి రాతిపలక మీద కొవ్వు కలిసిన సుద్దతో బొమ్మ గీస్తాం. తుమ్మబంక నీళ్ళు పట్టించి, రాయిని తడిపి, సిరా పూస్తాం. సిరా కొవ్వున్న చోటే అంటుకుంటుంది, తడి ఉన్న చోట అంటదు. అత్త వెంటనే అందుకుంది. "గొర్రె బొచ్చు సూడలేదా? అండ్ల సమురు ఉంటది. ఎంత వాన గొట్టినా నీళ్ళు జారిపోతయి." మా మాస్టారికి ఒక పూట పట్టిన పాఠం అది. మర్నాటి నుంచి మేతకు పోయినప్పుడల్లా తుమ్మబంక ఏరి, కొంగున కట్టుకుని తెచ్చేది.

ఆ సెలవుల్లోనే ఆమె బొమ్మ కాగితం మీద గీశాను. గొంగడి, నుదుటి ముడతలు, కుడి బుగ్గ మీద పెద్ద పుట్టుమచ్చ. రాయి మీద గీసింది కాగితం మీద తిరగబడి పడుతుంది, అద్దంలో చూసుకుంటూ గీయమని మాస్టారు చెప్పారు. నేను తొందరపడి రాయి మీద ఉన్నదున్నట్టే గీశాను. అచ్చులో మచ్చ ఎడమ బుగ్గ మీదికి వచ్చింది. అయినా అందరూ మెచ్చుకున్నారు.

యూనియన్ సైన్యం వచ్చిన మరుసటి ఏడు మా అచ్చులను సూర్యాపేటలో ఒక బడిలో ప్రదర్శనకు పెట్టారు. నాతో చదివే హుజూర్‌నగర్ దొరల అబ్బాయి వాళ్ళ పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. మాకు మిర్యాలగూడ వైపు వరిపొలాలు ఉన్నాయని అతనితో ఎప్పుడో గొప్పకు చెప్పి ఉన్నాను.

"ఈమె ఎవరు?" అని వాళ్ళ నాన్నగారు నా అచ్చు ముందు ఆగి అడిగారు.

"ఎవరోనండి. కోదాడ దారిలో గొర్లు కాసుకుంటుంటే చూసి గీశాను."

వెనక్కి తిరిగితే అత్త. గొంగడి భుజాన వేసుకుని, చెప్పులు చేత పట్టుకుని నిలబడి ఉంది. నేను రమ్మనలేదు. ఎవరి ద్వారానో తెలుసుకుని వచ్చింది.

నా మిత్రుడు ఆమెనూ బొమ్మనూ మార్చి మార్చి చూశాడు. "గీ బొమ్మల ఉన్నది నువ్వే గదమ్మా?"

అత్త నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను.

"నేను గాదు దొరా. నాకు మచ్చ కుడి దిక్కుంటది. గామెకు ఎడమ దిక్కున్నది, సూడుండ్రి."

అందరూ చూశారు, నిజమేనన్నారు. అత్త ఇంకాసేపు బొమ్మ ముందే నిలబడింది. "మంచిగ దీసిండు. ఎవల కొడుకో గని," అని మెట్లు దిగిపోయింది. నేను వెంట పోలేదు. మిత్రుడు ఏదో అడుగుతుంటే జవాబు చెబుతూ ఉండిపోయాను.

తర్వాత సెలవులకు వెళ్ళినప్పుడు కూడా ఆమె ఆ మాట ఎత్తలేదు. ఒకసారి నేనే, "అత్తా, ఆ దినం సూర్యాపేటల…" అని మొదలుపెట్టాను.

"రొట్టె సల్లారిపోతది, తిను," అంది.

తిన్నాను. క్షమించమని అడగకుండానే బస్సెక్కాను. అడిగి ఉంటే ఆమె ఏమనేదో ఇప్పటికీ ఊహకు రాదు. ఇంకో రొట్టె వేసేదేమో.

పరీక్షలయ్యాక అనంతగిరి వెళ్ళాను. మందను వేరే ఆయన తీసుకున్నాడట. సాయంత్రం వాగు దగ్గర కనిపించాడు. మందను వాగు దాటించాలని కర్ర ఆడిస్తున్నాడు, అరుస్తున్నాడు. గొర్రెలు మాత్రం ఒడ్డునే గుంపుగా ఆగిపోయాయి. అత్త ముందుగా నీళ్ళలోకి దిగి, అవతలి ఒడ్డు నుంచి నాలుకతో ఒక చప్పుడు చేసి పిలిచేది. ఆ చప్పుడు చేయడం నాకు చిన్నప్పుడే నేర్పింది. నేను ఆ చప్పుడు చేయలేదు, చెప్పులు విప్పకుండా ఒడ్డునే నిలబడ్డాను. ఒక్క గొర్రె కూడా కాలు తడుపుకోలేదు. అన్నీ తలలెత్తి అవతలి ఒడ్డు వైపే చూస్తున్నాయి.