జనానికి వీపు చూపని వంశం

మా ముత్తాత వెంకటనరసింహారావుగారు పన్నెండు గ్రామాలకు దేశ్‌ముఖ్. ఆయన గడీ మెట్లు దిగుతుంటే దారిన పోయేవాళ్ళు చెప్పులు చేతిలోకి తీసుకునేవారు. మా తాత రాజేశ్వరరావుగారి కాలానికి గ్రామాలు నాలుగైనా, మీసం మాత్రం పన్నెండు గ్రామాలదే. మా నాన్నగారికి గ్రామాలు లేవు, మీసం ఉంది. నా వంతుకు వచ్చేసరికి నిటారుగా నిలబడటం ఒక్కటే మిగిలింది. అది ఎంత ప్రమాదకరమైన ఆస్తో బహ్రెయిన్‌లో ఒక సంగీత వేదిక మీద, దేశదేశాల జనం చూస్తుండగా తేలింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వండి గాని, మర్యాదగా కూర్చుని నవ్వండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. సౌదీలో హుఫూఫ్ ఖర్జూర తోటల పక్కన ఒక కట్టుబడి కంపెనీలో టైమ్‌కీపర్‌ని. అంటే ఎవరు ఎన్నింటికి పనిలోకి వచ్చారో రిజిస్టర్లో రాసేవాణ్ణి. ఇంటికి రాసే ఉత్తరాల్లో మాత్రం "ఇక్కడ నాలుగొందల మంది నా చేతి కింద ఉన్నారు" అని రాసేవాణ్ణి. అబద్ధం కాదు. వాళ్ళ పేర్లన్నీ నా చేతి కిందే ఉండేవి.

ఇంతలో గల్ఫ్ యుద్ధం వచ్చింది. సైరన్ మోగగానే కంపెనీ ఇచ్చిన గ్యాస్ మాస్కులు పట్టుకుని అందరూ మెస్ హాల్లోకి పరుగెత్తేవాళ్ళు. నేను పరుగెత్తలేదు, వేగంగా నడిచాను. ఆ హాల్లో భయం పోగొట్టుకోవడానికి మొదట పాట ఎత్తినవాడు పోశన్న. తాపీ మేస్త్రీ, కరీంనగర్ వైపువాడు, మా ఊరికి రెండు కోసుల దూరం. మాస్కు మెడలో వేలాడేసుకుని, ఆడవాళ్ళు నాట్లు వేస్తూ పాడుకునే పాట ఎత్తాడు. పదిహేను మంది కుర్రాళ్ళు అందుకున్నారు. యుద్ధం ఆగింది గాని వాళ్ళ పాట ఆగలేదు.

ఆ మరుసటేడు వెల్ఫేర్ ఆఫీసర్ మాథ్యూ ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఆయన కేరళవాడు, చర్చిలో బృందగానం పాడి పెరిగినవాడు. బహ్రెయిన్‌లో అంతర్జాతీయ సంగీతోత్సవమట, అందులో యువ బృందగానాల పోటీ అట.

"మేనేజర్ మాటిచ్చాడు. ఏ బహుమతి తెచ్చినా సరే, బృందంలో ప్రతి ఒక్కడికీ నెల రోజుల సెలవు, ఇంటికి టికెట్టు!" అన్నాడు.

అందరూ ఆ కాగితం చుట్టూ మూగారు. యుద్ధం పేరు చెప్పి అందరి సెలవులూ ఆపేశారు మరి. పోశన్నకు సైరన్లు మోగే రోజుల్లోనే ఇంటి దగ్గర కూతురు పుట్టింది. ఆ పిల్ల ఇప్పుడు నడుస్తోంది. తండ్రి మొహం ఇంకా చూడలేదు.

"ఒక్కటే చిక్కు. నాకు వయసు దాటింది, కండక్టర్ కావాలి," అన్నాడు మాథ్యూ.

"టికెట్లు చింపే పని మా ఇంటావంటా లేదు," అన్నాను.

"అది కాదయ్యా! ముందు నిలబడి చేతులతో అందరినీ నడిపించేవాడు."

ముందు నిలబడటం! నడిపించడం! నా వెన్నెముక దానంతట అదే మరో అంగుళం పెరిగింది. ఆ పని నాదే అన్నాను. నాకు సంగీతం రాదన్న సంగతి అక్కడ నాకు తప్ప అందరికీ గుర్తుంది.

మాథ్యూ నిలబడి చూపించాడు. బృందం వైపు మొహం, జనం వైపు వీపు.

"కుదరదు. మా వంశంలో జనానికి వీపు చూపించినవాడు లేడు," అన్నాను.

"ప్రపంచమంతా ఇలాగే నిలబడతారు!"

"ప్రపంచమంతటికీ గడీలు లేవు."

పోశన్న తల గోక్కున్నాడు. "దొరా, మీరటు మొఖం పెడ్తే మీ చేతులు మాకెట్ల కనబడ్తయి?"

"చేతులు వెనక్కి కట్టుకుంటాను. వేళ్ళతో సైగ చేస్తాను."

"మీ తాత గూడ గట్లనే నిలబడేటోడట. మా తాత చెప్తుండె." కాస్త ఆగి అన్నాడు, "గాయన చేతుల కట్టె ఉండేదట గని."

కుర్రాళ్ళు కిసకిస నవ్వారు. నేను వినిపించుకోలేదు. వినిపించుకోకపోవడం మా వంశంలో ఒక విద్య.

సైగలు నేర్పాను. కుడి చెయ్యి కుడి వరసకు, ఎడమ చెయ్యి ఎడమ వరసకు. చెయ్యి విప్పితే పాడాలి, పిడికిలి బిగిస్తే ఆగాలి, వేలు ఆడిస్తే జోరు పెంచాలి.

"చెయ్యే కనబడకుంటే?" అన్నాడు పోశన్న.

"కనబడకపోవడమంటూ ఉండదు."

"ఉంటే, దొరా?"

"ఉంటే నోరు మూసుకోండి!" అని కసిరాను.

చూశారా, కోపంలో నోరుజారిన ఆ ఒక్క ముక్కనే పదహారుమందీ అన్నిటికంటే శ్రద్ధగా నేర్చుకున్నారు.

సౌదీ దాటి మళ్ళీ రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ కాగితాలు చేయించుకుని, బస్సులో సముద్రం మీది వంతెన దాటాం. నేను మా నాన్నగారి పెళ్ళినాటి షేర్వాణీ వేసుకున్నాను. ఎవరో ఒక షేకు విందుకు పిలవకపోతాడా అని తెచ్చుకున్నది. మూడేళ్ళుగా ఒక్క షేకూ పిలవలేదు, అది కలరా ఉండల మధ్య పెట్టెలోనే ఉండిపోయింది. నేను బస్సెక్కగానే ముందు సీట్లవాళ్ళు లేచి వెనక్కి వెళ్ళిపోయారు. గౌరవమనుకున్నాను.

మాకంటే ముందు ఫిలిప్పీన్స్ అమ్మాయిలు తేనె ధార పోసినట్టు పాడి వెళ్ళారు. తర్వాత మేం. నేను జనం వైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని, పాతేసిన రాతి స్తంభంలా నిలబడ్డాను. చేతులు విప్పాను. పోశన్న ఎత్తాడు, పదిహేను మందీ అందుకున్నారు. అంతా సవ్యంగా ఉంది, ముందు వరసలోని ఒక అరబ్బు పెద్దాయన నన్ను చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుని సలాం చేసేదాకా.

పెద్దమనిషి సలాం చేస్తే బదులివ్వకుండా ఉంటామా? నా కుడి చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. కుడి వరస టక్కున నోరు మూసుకుంది. ఎడమ వరస ఒక్కటే దిక్కులేనట్టు పాడుతోంది. కంగారుగా చెయ్యి వెనక్కి తెచ్చాను. కుడి వరస దూకినట్టు అందుకుంది. నుదుటి చెమట ఎడమ చేత్తో తుడుచుకున్నాను. ఎడమ వరస మాయం! షేర్వాణీ జరీ వీపులో గుచ్చుకుని ఒకటే దురద. వేలితో గోక్కున్నాను. జోరు! మళ్ళీ గోక్కున్నాను. ఇంకా జోరు! పాటలోని ఆడవాళ్ళు తేనెటీగలు తరిమినట్టు నాట్లు వేస్తున్నారు.

"దొరా, గోక్కోకుండ్రి!" పాట సందులోంచి పోశన్న గొంతు.

సరిగ్గా అప్పుడు కలరా ఉండలు తమ పని చేశాయి. తుమ్ము! రెండు చేతులూ ముక్కు మీదికి వెళ్ళాయి. పదహారు గొంతులూ గొడ్డలితో నరికినట్టు ఆగిపోయాయి.

తుమ్ము రాలేదు. రానూ రాదు, పోనూ పోదు, ఆ రకం తుమ్ము. చేతులు తీస్తే హాలంతా దద్దరిల్లేలా తుమ్ముతాను. తియ్యకపోతే వాళ్ళు పాడరు. నెల రోజుల సెలవు, నడక నేర్చిన ఆ పిల్ల, అన్నీ వచ్చి నా ముక్కు కొన మీద నిలబడ్డాయి.

ఎంతసేపయిందో తెలియదు. నా వెనక పోశన్న ఒక్కడే మెల్లగా ఎత్తుకున్నాడు. సైగ లేదు, జోరు లేదు. ఒకరి తర్వాత ఒకరు కలిశారు. పాట నిండుగా పెరిగి, దానంతట అదే తీరిగ్గా ముగిసింది. హాలంతా లేచి నిలబడింది. నా కోసమే లేచారనుకుని "కూర్చోండి, కూర్చోండి" అని చెయ్యి ఊపాను. ఎవరూ కూర్చోలేదు.

మొదటి బహుమతి ఫిలిప్పీన్స్ అమ్మాయిలకే వెళ్ళింది. తర్వాత న్యాయనిర్ణేతల్లోంచి తెల్లజుట్టు ఆవిడ మమ్మల్ని వేదిక మీదికి పిలిచి మైకు అందుకుంది. "ప్రత్యేక బహుమతి, కండక్టర్ లేకుండా పాడిన ఈ పదహారుమంది యువకులకు! రెండు వరసల మధ్య ఆ దోబూచులాట, ఆ నిశ్శబ్దం! నడిపించేవాడు లేకుండా అందరూ ఒక్క క్షణంలో ఎలా ఆగారు?"

అని నా వైపు తిరిగింది. "ఇంతకీ పాడకుండా ముందు నిలబడ్డ ఈ పెద్దమనిషి ఎవరు?"

నోరు తెరిచాను. కండక్టర్‌నంటే బహుమతి పోతుంది. బహుమతి పోతే సెలవు పోతుంది. వెనక్కి తిరిగి చూశాను, జీవితంలో మొదటిసారి జనానికి వీపు పెట్టి. పోశన్న బతిమాలలేదు, దండం పెట్టలేదు. ఊరికే నా మొహంలోకి చూస్తున్నాడు.

మళ్ళీ ముందుకు తిరిగి, నాకు చేతనైనంత నిటారుగా నిలబడి, ఇంగ్లీషులో చెప్పాను.

"మేడమ్, నేను వీళ్ళ వాచ్‌మన్‌ని."

ఆ మాట అంత దర్జాగా పలికిన వాచ్‌మన్ గల్ఫ్ మొత్తంలో మరొకడు లేడని ఇప్పటికీ నా నమ్మకం.

తిరుగు బస్సులో పోశన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మస్తు చెప్పిండ్రు, దొరా."

"వాచ్‌మన్ అను."

"అంటే ఊకుంటరా?"

"ఈ ఒక్కరోజు."

"గట్లయితే వాచ్‌మన్ సాబ్, జర గా కిటికి తెరువుండ్రి. వాసనకు సస్తున్నం!"

మేనేజర్ సర్టిఫికెట్టు రెండుసార్లు చదివాడు. "ఇందులో పదహారుమందే ఉన్నారు. కండక్టర్ లేడని కూడా రాశారు. మరి నువ్వెందుకు వెళ్ళావు?"

మాథ్యూ ఏదో చెప్పబోయాడు. నేను ఆపాను. "కాపలాకి, సార్."

పదహారు పేర్ల ఎదురుగా సెలవు అని రిజిస్టర్లో రాసింది నేనే. నా దస్తూరీ ఎప్పుడూ బాగుంటుంది, ఆ రోజు మరీ బాగా కుదిరింది. నెల తర్వాత పోశన్న తిరిగొచ్చి చెప్పాడు. "పిల్ల నన్ను జూసి ఏడ్సి మా అమ్మ ఎనుక దాక్కున్నది, దొరా. మూడు దినాలకు సంకెక్కింది. ఎక్కినంక దిగనే లేదు."

కాబట్టి కుడి చెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ బృందం ముందు నిలబెట్టినా పాడేవాళ్ళ వైపే తిరుగుతాను, జనానికి వీపే చూపిస్తాను, తుమ్ము వస్తే తుమ్ముతాను.

ఆ పదహారుమందీ సెలవులో ఉన్న నెలలోనే, ఈ వాచ్‌మన్ హుఫూఫ్‌లో ఉండగా, మా బాబాయి గడీ ముందరి టేకు తలుపులు రెండూ హైదరాబాదులో ఒక హోటలు కట్టేవాళ్ళకు అమ్మేశాడు.