ఖాళీ మెషిన్‌లో క్యూబు పగిలిన చప్పుడు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. కిషన్‌బాగ్‌లో మా ల్యాబ్ వెనకే ఖబరస్తాన్, ముస్లింల శ్మశానం. ఆ గోడ నీడన కూర్చుని రోజూ డబ్బా విప్పుకుని తింటాను. ఏనాడూ ఏమీ అనిపించలేదు.

నా పని కాంక్రీటు క్యూబులు పరీక్షించడం. స్లాబ్ పోసిన రోజు అదే మాలుతో క్యూబులు కూడా పోసి, గట్టిపడ్డాక మాకు పంపుతారు. పగిలేదాకా మెషిన్‌లో పెట్టి నొక్కుతాం. పగిలితే పెద్ద చప్పుడు. ఎంత బరువుకు పగిలిందో డయల్ మీద ఎర్ర ముల్లు అక్కడే ఆగిపోతుంది. చేత్తో తిప్పితేనే మళ్ళీ సున్నాకి వస్తుంది.

ఆ శుక్రవారం పొద్దున గుడిమల్కాపూర్‌లో కడుతున్న ఒక ఇంటి క్యూబులు వచ్చాయి. అక్కడ సెంట్రింగ్ పని చేసేది మా తమ్ముడు శ్రీను. క్యూబులు దర్జాగా పాసయ్యాయి. స్లాబ్ కింది కర్రలు ఊడదీయొచ్చని సైటుకు కబురు వెళ్ళింది.

మెషిన్ నడిపే రఫీక్ భాయ్ స్విచ్ ఆపి, ముల్లు సున్నాకి తెచ్చి, జుమ్మా నమాజుకు వెళ్ళాడు. నేనొక్కదాన్నే కూర్చుని టీ తాగుతున్నాను. మెషిన్‌లో క్యూబు పగిలిన చప్పుడైంది.

లేచి చూస్తే లోపల క్యూబూ లేదు, చిన్న పెళ్ళ కూడా లేదు. స్విచ్ ఆపే ఉంది. ఎర్ర ముల్లు మాత్రం పైకి కదిలింది. పొద్దుటి క్యూబులు తట్టుకున్నదాంట్లో సగం కూడా లేని చోట ఆగి ఉంది.

ఎందుకో తెలియదు, శ్రీనుకి ఫోన్ చేశాను.

"ఏందక్కా, ఇనవడ్తలేదు. కర్రలు ఊడగొడ్తున్న, మస్తు లొల్లి ఉంది."

"జర బయటికి రారా, మాట్లాడాలె."

గొణుక్కుంటూ గల్లీలోకి వచ్చాడు. ఏం చెప్పాలో నాకే తెలియక "తిన్నవారా?" అన్నాను. అంతలో ఫోన్‌లో భయంకరమైన శబ్దం. తర్వాత ఏమీ లేదు.

పిచ్చిదానిలా వాడి పేరు అరుస్తూనే ఉన్నాను. చివరికి దగ్గు వినిపించింది.

"అక్కా... స్లాబ్ కూలింది. నేను గల్లీలనే ఉన్న."

నేల మీద కూలబడి ఏడ్చాను. అంత హాయిగా నా జన్మలో ఏడవలేదు. మిగతా కూలీలంతా నమాజుకు పోయారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

తర్వాత తెలిసింది. ల్యాబుకు పోయేవి బాగుండాలని మేస్త్రీ క్యూబులకు మాత్రం సిమెంటు దట్టించి విడిగా మాలు కలిపించాడట. స్లాబ్‌కి పడిన మాలు వేరు, దాని బలం క్యూబుల్లో సగం కూడా లేదట.

రఫీక్ భాయ్ తిరిగొచ్చి డయల్ ముందు నిలబడిపోయాడు. "సున్నాకి తెచ్చే పోయిన గదా బెహన్. ఎవలన్న ముట్టిండ్రా?"

ఎవరూ ముట్టలేదు. తర్వాత మెకానిక్ వచ్చి అంతా విప్పి చూసి, ఏ లోపమూ లేదన్నాడు. ఒత్తిడి మిగిలిపోయి ముల్లు కదిలిందేమో అన్నాను. మరి చప్పుడెలా వచ్చిందని నన్నే అడిగాడు.

దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఆ చప్పుడు ఎక్కడిదంటే మాత్రం చెప్పలేను. ఇంకోసారి వినిపిస్తే ఈసారి లేచి వెళ్ళి చూడను కూడా. ముందు శ్రీనుకే ఫోన్ చేస్తాను.